పంటు నడిపేవాడి గుండె

క్లెమ్ లీవరు ముందుకు తోశాడు. ఇనుప తాడు నీళ్లలోంచి లేచి, నాచు కార్చుకుంటూ బిగుసుకుంది. బండ్లనూ మనుషులనూ నది దాటించే పంటు కదిలింది. అవతలి ఒడ్డు కనిపించడం లేదు. మర్రే నది మీద పొగమంచు దట్టంగా పట్టింది. నీళ్లలో నిలబడే చచ్చిపోయిన యూకలిప్టస్ మానులు ఒక్కొక్కటే బయటికొచ్చి, మళ్లీ లోపలికి పోతున్నాయి.

పొట్టి మనిషి. ఎండకు మెడ చర్మం గరుకెక్కింది. గోళ్ల కింద ఎప్పుడూ గ్రీజే. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు. అదే బతుకు. పెళ్లి లేదు. సముద్రం చూడలేదు. ఊళ్లో అతని గురించి చెప్పుకునేది ఒక్క గుండె సంగతే.

గుండెలో ఒక కవాటం సరిగా తెరుచుకోదు. రక్తం ఆ ఇరుకులోంచి బుసకొడుతూ పోతుంది. మా ఊరి ఆసుపత్రిలో పని నేర్చుకోవడానికి వచ్చే వైద్య విద్యార్థులందరికీ అదే మొదటి పాఠం. నది మధ్యలో అతను ఇంజను ఆపి, చొక్కా గుండీలు విప్పుతాడు. వాళ్లు స్టెతస్కోపు పెడతారు. వినగానే అందరి ముఖాలూ ఒకేలా మారతాయి, ఖాళీ ఇంట్లో ఎవరో ఊపిరి తీసినట్టు.

ఆపరేషను చేయించుకోమని డాక్టర్ వూలా చెప్పి చెప్పి విసిగిపోయింది. ఆపరేషనంటే అడిలైడ్ పోవాలి. పంటు దిగాలి. అతను దిగలేదు.

ఆ ఉదయం బ్రొన్విన్ అనే కొత్త విద్యార్థిని ఎక్కింది. వెనకాలే గొర్రెల లారీతో డెస్.

"విప్పరా చొక్కా! ముసలాడివయ్యాక అమ్మాయిలు నీ గుండె వింటున్నారు," డెస్ కిటికీలోంచి అరిచాడు.

"నీ కంపుకి ఉన్నవాళ్లు కూడా పారిపోతారు. అద్దం ఎత్తు," అన్నాడు క్లెమ్.

ఇంజను ఆగింది. లారీలో గొర్రెలు కూడా అరవడం మానేశాయి. బ్రొన్విన్ విన్నది. చోటు మార్చి మళ్లీ విన్నది. ఆమె ముఖం మారలేదు.

"ఆ శబ్దం రావట్లేదండీ. నాకు వినడం చేతకావట్లేదేమో."

"నీ తప్పు కాదమ్మాయ్." క్లెమ్ గొంతు తగ్గించాడు. "దిండు మీద తల పెడితే నాకే బుస్సుమని వినపడేది. ఈ వారం లేదు."

"అంటే గుండెకి తోసే బలం పోతోందన్నమాట. ఇప్పుడే వూలా గారికి చెప్పాలి."

"చెప్తే నన్ను ఇక్కణ్ణించి పట్టుకుపోతారు. వినిపించిందని చెప్పు."

"అబద్ధం ఎలా చెప్పనండీ?"

"పోనీ సాయంత్రం దాకా ఊరుకో తల్లీ. ఇవాళొక్కరోజు నడుపుకోనీ."

పంటు ఒడ్డుకు తగిలింది. ఆమె స్టెతస్కోపు సంచిలో పెట్టుకుని దిగింది.

"విన్నావా మా క్లెమ్‌ని?" ఆసుపత్రిలో వూలా నవ్వుతూ అడిగింది.

"విన్నానండీ," అంది బ్రొన్విన్.

మధ్యాహ్నం తినకుండానే లేచింది. వూలా దగ్గరికి వెళ్లి నిజం చెప్పేసింది.

"ఏమీ లేదా? అసలేమీ?"

"ఏమీ లేదు."

వూలా కుర్చీలోంచి లేచి, పరుగులాంటి నడకతో ఒడ్డుకు వచ్చింది. వెనక బ్రొన్విన్. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. నది మధ్యలో పంటు ఆగి ఉంది. తిరిగి వెళ్లడానికి వచ్చిన డెస్, ఖాళీ లారీ పక్కన నిలబడి ఉన్నాడు. హారను కొట్టడం లేదు.

"అవతలి నుంచి బయల్దేరి, సగంలో ఇంజను ఆపాడమ్మా. ఎవరో స్టూడెంటు పిల్లలకి గుండె వినిపిస్తున్నాడనుకున్నా." డెస్ పంటు వైపు చెయ్యి చూపించాడు. "మంచు పలచబడ్డాక చూస్తే, పంటు మీద ఇంకెవరూ లేరు."

చిన్న పడవలో ముగ్గురూ వెళ్లారు. క్లెమ్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు విప్పి ఉన్నాయి. అరచెయ్యి ఎదురొమ్ము మీద ఉంది. ఏదో వింటున్నట్టు తల వంచుకున్నాడు. వూలా అతని మెడ మీద వేళ్లు పెట్టి చూసి, తీసేసింది.

"నేను పొద్దున్నే చెప్పుంటే?" అంది బ్రొన్విన్.

వూలా క్లెమ్ వైపు వంగింది. అతని చొక్కా గుండీలు పెడుతోంది.

పక్కన కమ్మీ మీద సగం ఒలిచిన నారింజ పండు ఉంది. తొక్క ఎక్కడా తెగకుండా చుట్టలు చుట్టలుగా నీళ్ల మీదికి వేలాడుతూ, గాలి లేకపోయినా మెల్లగా తిరుగుతోంది.