వెలుతురు తీగ

సోమవారం పొద్దున అవ్వ తలస్నానం చేసి, తడి చీరతోనే వచ్చి స్టీరియోకు బొట్టు పెట్టింది. రాజన్న స్వామి భజనలు పాడే డబ్బా కాబట్టి దేవుడి పటాలతో పాటు దానికీ పెడుతుంది. పెట్టిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని కళ్ళకద్దుకుని నన్ను కేకేసింది.

"లింగమూర్తీ, స్వామి వచ్చిండురా! చెయ్యి జుమ్ముమంటున్నది."

నేను వేలు ఆనించి చూశాను. నిజమే. నాకు మాత్రం వైరు గుర్తొచ్చింది. భజనలు కంప్యూటర్లో ఉంటాయి. దాన్ని యూఎస్‌బీ వైరుతో స్టీరియోకు కలిపింది నేనే, వారం కిందట.

"అవ్వా, అది కరెంటు. ముట్టకు."

"కరెంటైతే కొడుతది. గిట్ల మెల్లగ పలకరిస్తదా?"

అవ్వ అని పిలిచే మా అమ్మకు డెబ్బై రెండేళ్ళు, గుండెకు మందులు వాడుతుంది. స్వామి స్పర్శ ఇలా ఉండదని ఎలా చెప్పను? నేనేమైనా ఎరుగుదునా?

కంప్యూటర్ ప్లగ్గు పీకి దశరథం అన్న దగ్గరికి ఉరికాను. శ్రీరాంపూర్ బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. వచ్చి ప్లగ్గు పెట్టి చూస్తే, రెండు డబ్బాల మీదా టెస్టర్ వెలిగింది.

"నీ ఇంటికి ఎర్తింగ్ లేదు తమ్మీ. కంప్యూటర్ డబ్బకు దిగిన కరెంటు గీ రాగి వైరెంబడి స్టీరియోకు వస్తున్నది. మంచిగ కలిపినవ్ పో!"

"మరి ఏ వైరు పెట్టాలన్నా?"

అతను స్టీరియో వెనక వేలు పెట్టి చూపించాడు. "గీ గుండ్రంది కోయాక్సియల్. గదీ రాగే. గీ చిన్న తలుపున్నది చూడు, ఆప్టికల్. ప్లాస్టిక్ తీగ లోపల వెలుతురే పోతది, కరెంటు పోదు. గది తెచ్చుకో. రేపు నేనొచ్చి ఎర్తింగ్ చేస్త, అప్పటిదాక కంప్యూటర్ ఆన్ చెయ్యకు."

మంచిర్యాలకు పోయి ఆ తీగ తెచ్చాను. అవ్వ అప్పటికీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. సోమవారం భజన వినందే ముట్టదు.

ఒక్క పాటే కదా అనుకున్నాను. రాగి వైరు పీకేసి కొత్త తీగ తగిలించి, కంప్యూటర్ ఆన్ చేసి పాట పెట్టాను.

అవ్వ కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చి, స్టీరియో మీద అరచెయ్యి ఆనించింది. అటూ ఇటూ తడిమి చూసింది. ముఖం వాడిపోయింది.

"లేడురా. ఎల్లగొట్టినవ్."

హమ్మయ్య అనుకున్నాను. అనుకున్నందుకు తప్పు చేసినట్టూ అనిపించింది. లెంపలు వేసుకుంటూ పటం వైపు తిరిగాను.

"గీడికి జరిగిండేమో స్వామి," అన్న మాట వినపడి వెనక్కి చూశాను. అవ్వ బల్ల కిందికి వంగి ఉంది. నీళ్ళోడుతున్న చెయ్యి కంప్యూటర్ డబ్బాకు బెత్తెడు దూరంలో ఉంది.

గోడ వైపు దూకి ప్లగ్గు లాగేశాను. పాట సగంలో ఆగింది.

"ఏందిరా, భజన నడుమ?"

నేను ప్లగ్గు పట్టుకునే ఆమెకూ డబ్బాకూ నడుమ కూర్చున్నాను. అవ్వ నన్ను పరీక్షగా చూసి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"నాకోసం గంత భయమైందా కొడుకా?"

తలూపాను.

ఆగిన చోటి నుంచి తనే మెల్లగా పాట అందుకుంది. కళ్ళు మాత్రం ఆ కంప్యూటర్ డబ్బా మీదే ఉన్నాయి. పాట అయ్యేదాకా, అయ్యాక కూడా, నేను ప్లగ్గు చేతిలోంచి వదల్లేదు.