మంచి ఉప్పు

డాక్టరు ఉప్పు సగానికి సగం తగ్గించమన్నప్పటి నుంచి ఓబులేసు కడుపునిండా తిన్నది లేదు. రక్తపోటు మరీ ఎక్కువుందన్నారు, భార్య పుల్లమ్మ భయపడి తగ్గించేసింది. పొద్దంతా బెంగళూరులో తాపీ పని చేసి బొమ్మనహళ్ళి గదికి చేరిన మనిషి, చప్పిడి సంగటి రెండు ముద్దలు మింగి గోడవైపు తిరిగి పడుకుంటుంటే ఆమె ప్రాణం ఉసూరుమనేది. రెండు నెలల్లో చిక్కి సగమయ్యాడు.

ఆమె వంట చేసే బెళ్ళందూరు ఫ్లాటులో శిరీష మేడం ఈ గోడు మొత్తం విని, గాజుసీసా ఒకటి చూపించింది.

"ఇది సీ సాల్ట్ పుల్లమ్మా, నేచురల్. ప్యాకెట్ ఉప్పులాగా బీపీ పెంచదు."

ఆ పిల్లకు ఆ సంగతి ఫోన్‌లో ఎవరో చెప్పారు. ఫోన్‌లో చెప్పేవాళ్ళకేం పోయింది! పుల్లమ్మ మాత్రం దేవుడే దారి చూపాడనుకుంది.

సముద్రపు ఉప్పంటే తమ ఊళ్ళో వాడే రాళ్ళుప్పే కదా అని తట్టి, అంగట్లో సంచెడు కొనుక్కొచ్చింది. అంతవరకూ తెలివిగానే ఆలోచించింది. ప్యాకెట్ ఉప్పును చెంచాతో భయంభయంగా వేసే మనిషి, రాళ్ళుప్పును మాత్రం అమ్మ నేర్పినట్టు గుప్పిటతో వేసింది. మంచి ఉప్పుకు కొలతెందుకు? ఆ రోజు ఓబులేసు అడిగి మరీ పెట్టించుకున్నాడు.

"ఇన్నాళ్ళకు కూడు తిన్నట్టుండాది" అన్నాడు.

ఆ మాటకు పుల్లమ్మ సంతోషం పట్టలేక ఏడ్చింది.

నెలన్నర తర్వాత ఒక ఉదయం ఇసుక జల్లిస్తూ కుప్పకూలాడు. మూతి వంకరపోయింది, కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగితే, ప్యాకెట్ ఉప్పు గడప తొక్కనివ్వడం లేదని పుల్లమ్మ గొప్పగానే చెప్పింది. మరి ఏది వేస్తున్నావో, ఎంత వేస్తున్నావో డాక్టరమ్మ అడిగి తెలుసుకుంది. రక్తపోటు పెంచే గుణం రెండింటికీ ఒకటేనని, సముద్రపుదైనా తగ్గించాల్సిందేనని కన్నడంలో మెల్లగా చెప్పింది. దీనివల్లే ఇలా అయిందని కచ్చితంగా చెప్పలేమని కూడా అంది. ఆ చివరి మాట పుల్లమ్మ చెవికెక్కలేదు. మాట మళ్ళీ వచ్చే ఆశ లేదన్నది మాత్రం ఎక్కింది.

ఇంటికి తెచ్చాక మంచం పక్కన కూర్చుని, ఏ ఉప్పు వేసిందో, ఎన్ని గుప్పిళ్ళు వేసిందో, దాచకుండా చెప్పుకుంది. అతను కళ్ళార్పకుండా విన్నాడు.

"తిట్టు మామా. ఒక్క మాట తిట్టు."

ఓబులేసు నోరు తెరిచాడు. మెడ నరాలు పొంగేదాకా ప్రయత్నించాడు. చొల్లు కారింది గానీ మాట రాలేదు. తిట్టబోయాడో, ఊరుకోమనబోయాడో ఇక ఎన్నటికీ తెలియదని అర్థమై, పుల్లమ్మ మంచం కోడు పట్టుకుని ఏడ్చింది.