కప్పు దాటిన గడియారం

అంత పెద్ద భవనాన్నీ బడికి ఇచ్చేసి, మా అమ్మగారు లేడీ అవెరిల్ తోటమాలి ఇంట్లోకి మారినప్పుడు వెంట తెచ్చుకున్నవి రెండే: వంటమనిషిని నేను, నిలువు గడియారం. నా ఒళ్ళు చూసినవాళ్ళు నమ్మరు గానీ, నేను పట్టాను. గడియారమే పట్టలేదు.

అది మనిషిన్నర ఎత్తు. తోటమాలి ఇంటి కప్పేమో చెయ్యెత్తితే తగులుతుంది.

"దీనికింత ఆలోచనెందుకు పెద్దమ్మా? అడుగున ఆ పీట కోసేద్దాం. ఇలాంటి గడియారాలకి ఊళ్ళో అందరూ అదే చేస్తున్నారు," అన్నాడు అమ్మగారి చెల్లెలి కొడుకు రూపర్ట్. వడ్రంగి సిలాస్ అప్పుడే రంపం బయటికి తీశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బాబుగారి తల గుమ్మానికి తగిలితే తల కోసేస్తామా?" అన్నాను. నా నోరు ఊరుకోదు, ఏం చెయ్యను!

అమ్మగారు నేలమీద కూర్చుని ఆ పీట అంచు తడిమారు. అది నున్నగా అరిగిపోయింది. ఏడు తరాలుగా ఆ ఇంట్లో పాకిన ప్రతి బిడ్డా మొదటిసారి లేచి నిలబడింది ఆ అంచు పట్టుకునే. ఆయాలు కావాలనే తెచ్చి గడియారం ముందు దింపేవారు. యుద్ధం నుంచి తిరిగిరాని అమ్మగారి తమ్ముడు హ్యూ, పసివాడుగా కొరికిన పాలపళ్ళ గాట్లు కూడా దాని మీద ఉన్నాయి. అమ్మగారి వేలు అక్కడే ఆగిపోయింది.

"సిలాస్, రంపం పైకి పట్టుకెళ్ళు. కప్పు కొయ్యి."

"అయ్యో అమ్మగారూ, ఆ పైన మీ పడకగది!"

"తెలుసు. మంచం పక్కగా కొయ్యి."

"పెద్దమ్మకి మతి పోయింది," అని గొణిగాడు రూపర్ట్.

సాయంత్రానికి గడియారం నిలబడింది. ముఖం కింద గదిలో, దాని నెత్తిన చెక్కిన కిరీటం పైగదిలో మంచం పక్కన మోకాలెత్తున. సిలాస్ దాన్ని గోడకు గట్టిగా బిగించి, బరువులు తగిలించి, లోలకం కదిపాడు. కాసేపటికి ఆరు కొట్టింది.

బాబోయ్! భవనంలో అది ఏదో మూల మోగే గడియారమే. ఇక్కడ దూలాలు, అటక మీది పళ్ళాలు, కిటికీ అద్దాలు, నా పాదాల కింద నేల, అన్నీ మోగాయి. సిలాస్ టోపీ తీసేశాడు. నాకు కళ్ళనీళ్ళు ఎందుకొచ్చాయో ఇప్పటికీ తెలియదు.

ఆ చలికాలం అమ్మగారికి పక్షవాతం వచ్చింది. ఇక కాళ్ళ మీద నిలబడరని డాక్టరు తేల్చేశాడు. నేను ఆయన్ని తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ, ఆవిడకి చెంచాతో తినిపిస్తూ వచ్చాను.

వసంతం వచ్చాక ఒక ఉదయం ఓట్స్ జావ కలుపుతున్నాను. గడియారం ఎనిమిది కొట్టడం మొదలుపెట్టింది. ఆ గంటల మధ్యలో పైన చెక్కనేల కిర్రుమంది. మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు.

అమ్మగారు నిలబడి ఉన్నారు! నడుం వంచి, రెండు చేతులూ కిరీటం మీద ఆనించి, ఒళ్ళంతా వణుకుతూ నిలబడి ఉన్నారు. ఆవిడ అరచేతుల కింద గంట ఇంకా మోగుతోంది.

"నవ్వకు హెస్టర్," అన్నారు. "మా ఇంట్లో అందరం దీన్ని పట్టుకునే లేచాం."

నవ్వెక్కడిది నాకు? గుమ్మంలోనే చతికిలబడ్డాను. కింద జావ మాడిపోయింది.