ఖాళీ కప్పుల శిక్షణ

మా అక్క వాండా ఆరేళ్లుగా కాఫీ అందించడం నేర్చుకుంటోంది. ఆ కప్పుల్లో మాత్రం ఇంతవరకూ ఒక్కసారి కూడా కాఫీ లేదు.

మా ఊళ్లో మూతపడిన ధాన్యం గిడ్డంగి పక్కన వెలుగుబాట శిక్షణ కేంద్రం ఉంది. అందులో ఒక గదిని అచ్చం హోటల్లా అమర్చారు. గళ్ల గుడ్డలు పరిచిన బల్లలు, గాజు పెట్టెలో ప్లాస్టిక్ కేకులు, తెరుచుకోని గల్లాపెట్టె, గోడ మీద ధరల బోర్డు అన్నీ ఉన్నాయి. వికలాంగులు అక్కడ హోటల్ పని నేర్చుకుంటారు. వికలాంగులు అనే మాట లోపల అనకూడదు. ఏమనాలో ఏటా మారుస్తుంటారు. నిరుడు 'ప్రత్యేక తారలు' అన్నారు. ఈ ఏడు 'ప్రయాణికులు' అంటున్నారు.

"ప్రయాణికులమైతే ఎప్పుడో ఒకప్పుడు దిగాలి కదే నెల్లీ," అంది వాండా నాతో. "వీళ్లు తలుపే తియ్యరు."

వాండాకి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తుంది. కుడి చెయ్యి వణుకుతుంది. మాట నిదానంగా, కాస్త ముద్దగా వస్తుంది. అందువల్ల కొత్తవాళ్లు ఆమె బుర్ర కూడా నిదానమే అనుకుంటారు. వాళ్లు అలా అనుకుని జాలిపడేలోగా ఆమె వాళ్లకి ఒక పేరు పెట్టేసి ఉంటుంది.

నేను ఆ హోటల్‌కి గిరాకీని. మా బడిలో పెద్ద తరగతుల పిల్లలు ఊరికి ఏదో ఒక సేవ చెయ్యాలి. మనుషుల ముందు నాకు నోరు పెగలదు. గిరాకీ చెప్పాల్సింది ఒకే ఒక్క మాట అని తెలిసి ఈ సేవకి ఒప్పుకున్నాను. వాండా ఖాళీ కప్పు తెచ్చి నా ముందు పెడుతుంది. నేను దాన్ని ఎత్తి, గుటక వేసినట్టు నటించి, "చాలా బాగుంది, థాంక్స్" అంటాను. వెంటనే ఇన్‌చార్జి కార్లీన్ గారు చప్పట్లు కొడతారు.

"శభాష్ వాండా! ఎంత చక్కగా తెచ్చావమ్మా, బంగారుతల్లీ!"

ఆ బంగారుతల్లికి ఇరవై ఆరేళ్లు.

శిక్షణలో మెట్లు ఉంటాయి. పలకరించడం, కప్పు మోయడం, బల్ల తుడవడం, నవ్వడం. నవ్వడం దగ్గర వాండా చాలాకాలం ఆగిపోయింది. చివరికి ఒక చలికాలమంతా పళ్లు బిగించి అది కూడా సాధించింది. ఇక మిగిలింది వేడి కాఫీ పొయ్యడం. ఆ మెట్టు దాటితే 'సిద్ధం' అంటారు, ఉద్యోగానికి పంపుతారు. అయితే కేంద్రంలో ప్రయాణికులు వేడి వస్తువేదీ ముట్టుకోకూడదు. ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరట.

"మరి వేడి కాఫీ ఎక్కడ నేర్చుకోవాలి మేడమ్?" అని వాండా అడిగింది.

"ఉద్యోగంలో చేరాక అదే వచ్చేస్తుందమ్మా."

"చేరేదెప్పుడు?"

"నేర్చుకున్నాక!" అని కార్లీన్ గారు ఆమె భుజం తట్టారు. ఆమె చెడ్డ మనిషేం కాదు. ఎదురుపడ్డ భుజాన్నల్లా తడతారు.

ఇంట్లో పొద్దున్నే నాన్నకీ అమ్మకీ కాఫీ పోసేది వాండాయే. మా వంటింటికి అలాంటి ఇన్సూరెన్స్ లేదు కాబట్టి కుదిరింది.

ఆగస్టులో, గోధుమ కోతలకు ముందు, హైవే మీద ఎల్వా హోటల్లో పనిచేసే అమ్మాయి పెళ్లి చేసుకుని రెజైనా నగరానికి వెళ్లిపోయింది. అద్దం మీద 'మనిషి కావలెను' అని అట్ట వేలాడింది. అది చూసిన రోజే వాండా నన్ను లాక్కుని వెళ్లింది. యజమాని ఎల్వా పొయ్యి దగ్గర, ఆలుగడ్డ కూరిన పెరోగీ కజ్జికాయల్ని ఉల్లిపాయలతో వేయిస్తోంది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఏం కావాలి పిల్లలూ?"

"పని," అంది వాండా.

ఎల్వా తిరిగి మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "ఎవరికి? ఈ నోరులేని దానికా?"

"దీనికిస్తే నీ గిరాకీలు ఆకలితో ఛస్తారు ఆంటీ. నాకు."

ఎల్వాకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. "మనిషి కావాలి, నిజమే. కానీ కార్లీన్‌ని అడక్కుండా నిన్ను తీసుకుంటే ఏం బావుంటుంది? సిద్ధం కాగానే నేనే పంపిస్తానంది కదా తను."

మా ఊళ్లో అది మర్యాద. వెలుగుబాటలో ఉన్నవాళ్లని ఎవరూ కార్లీన్ గారి మాట లేకుండా పనిలోకి తీసుకోరు. చర్చిలో విందు వడ్డించడానికి కూడా పిలవరు. తొందరపడి పిలిస్తే వాళ్ల పురోగతి దెబ్బతింటుందని అందరికీ భయం. ఆ మర్యాద పుణ్యాన ఇంతవరకూ అక్కడి నుంచి ఒక్కరికీ ఉద్యోగం రాలేదు.

"పోనీ ఇప్పుడే పోసి చూపిస్తా. ఆ జగ్గు ఇటివ్వు," అంది వాండా.

"వద్దమ్మా! ఇక్కడ వొలికితే కార్లీన్ నా ప్రాణం తీస్తుంది. శనివారం మీ కేంద్రంలో పండగ ఉందిగా, వస్తా. అక్కడే చూస్తా. సోమవారం కోతల వాళ్లు దిగుతున్నారు. అప్పటికి నువ్వు కాకపోతే ఎవరు దొరికితే వాళ్లని పెట్టుకుంటా. నా తిప్పలు నావి."

బయటికొచ్చాక వాండా కాలు ఈడుస్తూ గబగబా నడిచింది. "అక్కడేం చూస్తుందట? నేను గాలి పోస్తుంటే చూస్తుందా?"

ఇంట్లో అమ్మ వినగానే గరిటె కింద పెట్టేసింది. "బయట పనిలో చేరితే కేంద్రంలో సీటు తీసేస్తారే. వాళ్ల బస్సు కూడా రాదు. నాలుగు రోజులకి ఎల్వా వద్దంటే? ఇంట్లో కూచుంటావా?"

"ఇప్పుడు మాత్రం ఏం చేస్తున్నానమ్మా? అక్కడ నిలబడుతున్నా, అంతే కదా."

"నిలబడితే ఏం? క్షేమంగా ఉన్నావు."

వాండా ఆ గరిటె తీసుకుని పొయ్యి మీది గిన్నె కలపడం మొదలుపెట్టింది.

శనివారం కేంద్రం నిండిపోయింది. మేయర్ హాల్వర్సన్ గారు, కేంద్రం కమిటీ, చర్చి ఆడవాళ్లు, మా ఇంటి పక్క రైతు గున్నర్ తాత, అందరూ వచ్చారు. ఏటా ఇదే పద్ధతి. పెద్దలు బల్లల దగ్గర కూచుంటారు, ప్రయాణికులు ఖాళీ కప్పులు తెచ్చిపెడతారు, పెద్దలు తాగుతారు. ఏళ్ల తరబడి సాధన చెయ్యడంతో వాళ్లు ఆ విద్యలో ఆరితేరారు. మేయర్ గారు ఖాళీ కప్పుని ఉఫ్‌మని ఊదుతారు. కమిటీలో ఒకావిడ పంచదార కాస్త తక్కువైందంటుంది. ఇంకొకాయన రెండో కప్పు అడుగుతాడు. అసలు కాఫీ సిబ్బంది గదిలో మరుగుతుంటుంది. దాని వాసన వస్తూనే ఉంటుంది, కార్యక్రమం అయ్యాక పెద్దలు లోపలికెళ్లి తాగుతారు.

ఎల్వా చివరి బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూచుంది. అమ్మ గోడకి ఆనుకుని నిలబడింది.

కార్లీన్ గారు మైకులో, "ఇప్పుడు మన వాండా మీకు సేవ చేస్తుంది!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. వాండా కప్పులన్నీ పంచింది. తర్వాత కనిపించలేదు. కాసేపటికి సిబ్బంది గది తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో పొగలు కక్కుతున్న జగ్గు. వణికే కుడి చేతిని ఎడమ చేత్తో అదిమిపట్టింది. నేరుగా నా బల్ల దగ్గరికొచ్చి నా కప్పులో సగం వరకూ పోసి ఆపింది. చుక్క వొలకలేదు.

నేను అలవాటు కొద్దీ ఎత్తి ఒక్క గుక్క వేశాను. నాలుక చుర్రుమంది. అందరూ నా ఒక్క మాట కోసం చూస్తున్నారు.

"కాలింది," అన్నాను.

వాండా ఎల్వా దగ్గరికి వెళ్లి పోసింది. ఎల్వా రుచి చూసి మొహం చిట్లించింది. "కాఫీ మరీ పల్చన. ఎవరు కాచారో గానీ! పొయ్యడం మాత్రం బానే పోశావు."

తర్వాత మేయర్ గారి వంతు. ఆయన పేపరు వాళ్ల కెమెరా వైపు తిరిగి మాట్లాడుతున్నారు. వాండా, "వేడిగా ఉంది సార్," అని చెప్పి మరీ పోసింది. ఆయన ఆ మాట కూడా నటనలో భాగమే అనుకున్నారు కాబోలు, మెచ్చుకోలుగా తల ఊపారు. ఏటా చేసినట్టే, "మన ప్రయాణికుల కోసం!" అంటూ కప్పుని ఉత్సాహంగా పైకి విసిరినట్టు ఎత్తారు. కాఫీ అంతా చొక్కా మీద, అక్కడి నుంచి ఒళ్లోకి పడింది. ఆయన వేసిన కేకకి ప్లాస్టిక్ కేకుల పెట్టె తప్ప అన్నీ కదిలాయి.

చప్పట్లు కొట్టబోయిన కార్లీన్ గారి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. "చూశారా! చూశారా! అందుకే నేను మొత్తుకునేది, ఇంకా సిద్ధం కాలేదని!"

"ఎవరు, మేయరా?" అంది ఎల్వా.

గున్నర్ తాత దగ్గు నటించబోయి నవ్వేశాడు. మేయర్ గారు రుమాలుతో తుడుచుకుంటూ, ఫోటో తీసిన వాణ్ని అది చెరిపెయ్యమని అడుగుతున్నారు.

కార్లీన్ గారు గొంతు మెత్తబరిచారు. "వాండా, ఇలా జరిగింది కాబట్టి నువ్వు మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలమ్మా. ఇది శిక్ష కాదు. నీ మంచికే."

"నవ్వడం కూడానా?"

"నవ్వడం కూడా."

ఎల్వా కుర్చీ జరిపి లేచింది. "పిల్లా, సోమవారం తెల్లారేసరికి రా. ఆలస్యమైతే తలుపు తియ్యను."

"ఎల్వా గారూ, కాస్త ఆలోచించండి!" అన్నారు కార్లీన్ గారు. "అలా వెళ్తే ఆమె సీటు పోతుంది. మళ్లీ వస్తానన్నా దొరకదు. ఏమ్మా, మీరేమంటారు?"

ఆ ప్రశ్న అమ్మకి. గదిలో వాళ్లందరూ అమ్మ వైపే చూశారు. అమ్మ పెదాలు కదిలాయి. నిజంగా ఏమనేదో నాకు తెలీదు. నా కాళ్లు నాకు చెప్పకుండానే లేచాయి. "అక్కని అడగండి," అన్నాను. ఎంత చిన్నగా అన్నానంటే మైకు దగ్గర కాకపోయుంటే ఎవరికీ వినపడేది కాదు. మైకు దగ్గర కావడంతో ఊరంతటికీ వినపడింది.

ఎవరూ అడగలేదు. అయినా వాండా చెప్పింది, తనకి కావలసినంత నిదానంగా.

"నా సీటు మేయర్ గారికిచ్చెయ్యండి మేడమ్. ఆయనకి అవసరం."

సోమవారం నుంచి వాండా ఎల్వా హోటల్లో పని చేస్తోంది. తెల్లారకముందే నాన్న ట్రక్కులో దింపుతాడు. మొదటి రోజు అమ్మ నన్ను తీసుకుని వెనకాలే కారులో వెళ్లింది, కానీ లోపలికి రాకుండా కారులోనే కూచుంది. కోతల వాళ్లు దుమ్ము కొట్టుకున్న బట్టలతో బల్లలన్నీ ఆక్రమించారు. గున్నర్ తాత తన కప్పులోకి తొంగిచూశాడు.

"ఏంటమ్మాయ్, సగమే పోశావు?"

"నిండా కావాలంటే లేచొచ్చి పోసుకో తాతా. సగమైతే మళ్లీ నేనే వస్తా, వేడిగా ఉంటుంది."

"వాండా!" పొయ్యి దగ్గర్నుంచి ఎల్వా అరిచింది. "కబుర్లు తర్వాత! కిటికీ పక్క బల్ల ఎవరు తుడుస్తారు, మీ తాతా?"

ఆ పూటే ఒక కప్పు పగిలింది. ఎల్వా అరుపు కారులో ఉన్న అమ్మకి వినిపించింది. అమ్మ తలుపు తీసి ఒక కాలు కింద పెట్టి, మళ్లీ లోపలికి లాక్కుంది.

వారం తిరిగేసరికి కార్లీన్ గారు ఫోటోల మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. తర్వాతి పేపర్లో వాండా బొమ్మ వేసి, 'వెలుగుబాట ఆరేళ్ల శిక్షణ ఫలితం' అని రాయించారు. కేంద్రంలో ఇప్పుడు మిగతావాళ్లకి వాండాని ఆదర్శంగా చూపిస్తున్నారట. వాళ్లు మాత్రం గాలే మోస్తున్నారు. నా సేవ ఇంకా పూర్తికాలేదు కాబట్టి ఆ గాలి నేనే తాగుతున్నాను.

నిన్న సాయంత్రం వాండా ఇంటికొచ్చి, కాళ్లు వేన్నీళ్లలో పెట్టుకుని మొదలుపెట్టింది.

"అది మనిషా అమ్మా? నా మొహాన గుడ్డ విసిరింది. చెంచాల మీద మరకలట! నత్త నయమంది నాకంటే. తను మాత్రం రోజంతా ఆ పొయ్యి దగ్గర నిలబడి పాటలు పాడుకుంటుంది, దరిద్రపు గొంతేసుకుని."

అమ్మ మొహం ఎర్రబడింది. "రేపు నేనొచ్చి మాట్లాడతా దాంతో. నా కూతుర్ని అన్నేసి మాటలంటుందా?"

"నువ్వెవరు మాట్లాడ్డానికి?" వాండా నీళ్లు చిందేలా కాలు కదిపింది. "అది నా యజమాని. తిట్టుకుంటే నేను తిట్టుకోవాలి. నువ్వు కూచుని విను. ఇంకా చెంచాల సంగతే అవలేదు, సూపు గిన్నె సంగతి చెప్పనే లేదు..."

అమ్మ కూచుంది. నాన్న రేడియో కట్టేశాడు. వాండా చెబుతూనే ఉంది, తనకి కావలసినంత నిదానంగా, ఒక్క తిట్టు కూడా వదలకుండా.