శ్రీకర్ రాసిన ఎంట్రన్స్

మా ఆయన మధు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంట్రన్సులకు లెక్కలు చెబుతాడు. ఆయన దృష్టిలో లోకంలో ఉన్నది రెండే రకాల మనుషులు, సీటు వచ్చినవాళ్లు, రానివాళ్లు. మా పెళ్లిచూపుల్లో కూడా నన్ను మెరిట్ మీదే ఎంపిక చేసుకున్నాడని కొత్తలో ఏడిపించేదాన్ని. ఇప్పుడు ఏడిపించడానికి నోరు రావడం లేదు.

మా అబ్బాయి శ్రీకర్‌కి ఐదేళ్లు నిండబోతున్నాయి. మాటలు లేవు. పిలిస్తే తిరిగి చూడడు. ఆటిజం అని డాక్టర్లు ఎప్పుడో తేల్చారు. వాడికంటూ సొంతంగా ఉన్న పని ఒక్కటే. మధు పనిచేసే సెంటర్లో ఇంకా సుద్దముక్కలే వాడతారు. సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే వీడు వెళ్లి, ఆయన కుడిచేతిని రెండు చేతులా పట్టుకుని, వేళ్లకు అంటిన సుద్దపొడిని బుగ్గకు రాసుకునేవాడు. అది ఎవరూ నేర్పింది కాదు. ఆయన చెప్పులు కూడా విప్పకుండా అలాగే నిలబడిపోయేవాడు. ఆ కాసేపూ మా ఇంట్లో ఏ జబ్బూ ఉన్నట్టు అనిపించేది కాదు.

ఎల్బీనగర్‌లో ఒక పరిశోధన కేంద్రం వాళ్లు కొత్త పద్ధతి ఒకటి పరీక్షిస్తున్నారని తెలిసింది. ఐదేళ్లలోపు పిల్లల్ని తీసుకుంటారు. రెండేళ్లపాటు ఇంటికే వచ్చి తల్లిదండ్రులకు నేర్పిస్తూ, పిల్లలకు మాట తెప్పించడానికి ప్రయత్నిస్తారు. వస్తుందని గ్యారంటీ లేదని వాళ్లే చెప్పారు. అయినా మాకు మిగిలిన ఆశ అదొక్కటే. చేరాలంటే ముందు బాబుకి ఒక పరీక్ష పెడతామన్నారు. ఆ పరీక్ష అనే మాట మా ఆయన చెవిన పడకుండా ఉంటే ఎంత బాగుండేదో.

"సీట్లెన్నున్నాయి?" అన్నాడు మొదటగా.

కోచింగ్ వాళ్లకో అలవాటుంది. పరీక్ష రోజున సెంటర్ గేటు బయట నిలబడి, రాసి బయటికొచ్చిన పిల్లల్నల్లా ఏ ప్రశ్న వచ్చిందని అడుగుతారు. తలా ఒకటి చెబితే సాయంత్రానికి పేపరంతా తయారైపోతుంది. మా ఆయన నన్ను వెంటబెట్టుకుని ఆ కేంద్రం గేటు ముందు అదే పని చేశాడు. మాకంటే ముందు పరీక్ష అయిన పిల్లల పెద్దవాళ్లను పట్టుకుని అడిగాడు. చంపాపేట్ నుంచి వచ్చిన యాదలక్ష్మి అనే ఆవిడ మనవణ్ణి చంకనేసుకుని అప్పుడే బయటికి వచ్చింది.

"లోపల ఏం చేయించారమ్మా?" అని అడిగాడు.

"ఏం జేపిస్తరు సారూ. సబ్బు బుడగలు ఊదిన్రు. బొమ్మకు పుట్టినరోజని కేకు వెట్టుమన్నరు. పేరు వెట్టి పిలిచిన్రు. మావోడు ఏం జెయ్యలే. మూలకు గూసొని చెప్పు నాకిండు," అందామె.

మా ఆయన ఆమెవైపు జాలిగా చూశాడు. సీటు పోయినవాళ్లను ఆయన అలాగే చూస్తాడు.

ఆదివారం కల్లా మోడల్ పేపర్ సిద్ధం. బుడగలు వస్తే వేలితో చూపించాలి. బొమ్మ నోటికి కేకు పెట్టాలి. పేరు పిలిస్తే కళ్లలోకి చూడాలి. చివర్లో చేయి ఊపి టాటా చెప్పాలి. చెప్పింది చేస్తే ఒక చాక్లెట్ బిళ్ల.

"వాడికి ఏం రాదో చూడ్డానికే కదండీ ఆ పరీక్ష?" అన్నాను.

"ఎక్కడైనా బాగా చేసినవాణ్ణే తీసుకుంటారు, భావనా. రేపు వాళ్లూ రిజల్ట్ చూపించుకోవాలిగా," అన్నాడు.

మా వీధిలో ఏ గోడ చూసినా ర్యాంకర్ల ఫోటోలే. వాటి మధ్య బతికినదాన్ని కాబట్టి ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

పొద్దున క్లాసుకు ముందు, సాయంత్రం క్లాసు తర్వాత కోచింగ్. శ్రీకర్ మొదట్లో ఏడ్చి నేలకు తల కొట్టుకున్నాడు. తర్వాత దారికొచ్చాడు. ఒక సాయంత్రం అలవాటు ప్రకారం నాన్న చేయి పట్టుకుని బుగ్గకు రాసుకోబోయాడు. ఆయన చేయి వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు నాన్నా. అక్కడ ఇలా చేశావంటే నెగెటివ్ మార్కులు. ముందు నా కళ్లలోకి చూడు," అని చాక్లెట్ బిళ్ల తన కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

వాడు మళ్లీ చేయి అందుకోబోయాడు. ఆయన మళ్లీ లాక్కున్నాడు. కొన్నాళ్లకు వాడు చేయి అందుకోవడం మానేసి కళ్లలోకి చూడటం నేర్చుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నా కొడుకు చూపు ఒక మనిషి ముఖం మీద నిలవడం చూసి నేనూ సంతోషంతో ఏడ్చాను.

పరీక్ష రోజు మేమిద్దరం గదిలో ఒక పక్కన కూర్చున్నాం. ఆ కేంద్రంలో సైకాలజిస్టు తేజస్విని పరీక్ష పెట్టింది, ఒక కెమెరా అంతా రికార్డు చేసింది. శ్రీకర్ బుడగను వేలితో చూపించాడు. బొమ్మకు కేకు పెట్టాడు. పేరు పిలవగానే ఆమె కళ్లలోకి చూశాడు. టాటా కూడా చెప్పాడు. మా ఆయన నా చేయి గట్టిగా నొక్కి, "ఫుల్ మార్కులు," అన్నాడు చిన్నగా.

వారం తర్వాత రమ్మని కబురొచ్చింది.

"సార్, మీ బాబు మా కటాఫ్ దాటిండు," అంది తేజస్విని.

మా ఆయన ముఖం వెలిగిపోయింది.

"దాటితే తీసుకోము సార్. ఇవన్నీ చెయ్యలేని పిల్లల కోసమే మా స్టడీ."

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఏదీ దాచలేదు. గేటు దగ్గర అడిగింది, పేపర్ తయారుచేసింది, చాక్లెట్ బిళ్లలతో సహా మొత్తం చెప్పేశాడు. క్లాసులో అంతమంది పిల్లల్ని భయపెట్టే మనిషి, తన కాళ్ల దగ్గర నేలను చూస్తూ చెప్పాడు.

"నాకు అనుమానం ఒచ్చింది సార్. నేను బొమ్మను బయటికి తియ్యకముందే కేకు పట్టుకొని కూసున్నడు," అంది ఆ అమ్మాయి. "కానీ మార్కులు ఏసేది నేను గాదు. వీడియో చూసి వేరే ఊరోళ్లు ఏస్తరు. పిల్లలెవరో వాళ్లకు తెల్వొద్దు, మేం చెప్పినా మార్చొద్దు. రీసెర్చ్ అంటే గట్లనే ఉంటది."

"మళ్లీ ఒక్కసారి పెట్టండి. ఈసారి వాడితో ఏమీ చేయించను," అన్నాడు.

"ఒకసారి పెట్టినంక ఏడాది దాక మళ్ల పెట్టొద్దు సార్. అప్పటికి బాబుకు ఐదేండ్లు దాటిపోతయి."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా కుదరలేదు. ఉన్న కోపమంతా మా ఆయన మీదే, ఆయన్ని చూస్తే అదీ నోటిదాకా రాలేదు.

గేటు దగ్గర యాదలక్ష్మి ఎదురైంది.

"మావోణ్ణి తీస్కున్రు సారూ. ఏం జేసిండని తీస్కున్రో నాకైతే సమజ్ కాలే. మీ బాబు మస్తు మంచిగ జేసిండంట, మీది ఖాయమే," అంది నవ్వుతూ.

మా ఆయన ఆమెకు నమస్కారం పెట్టి ముందుకు నడిచాడు.

మర్నాడు క్లాసు నుంచి వచ్చి గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. సుద్దపొడి నిండిన కుడిచేయి శ్రీకర్ ముందు చాపాడు.

"ఇదిగో నాన్నా, తీసుకో. నీ ఇష్టం," అన్నాడు.

శ్రీకర్ ఆ చేతిని చూడనేలేదు. లేని బుడగను వేలితో చూపించాడు. లేని బొమ్మకు లేని కేకు పెట్టాడు. నాన్న కళ్లలోకి సూటిగా చూసి, టాటా చెప్పి, చాక్లెట్ కోసం అరచేయి తెరిచాడు. మా ఆయన ఆ చిన్న చేతిని తన బుగ్గకు ఆనించుకోబోయాడు. వాడు గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

ఐదో పుట్టినరోజు వచ్చి వెళ్లిపోయింది. మధు ఇప్పుడు సెంటర్ నుంచి బయల్దేరేటప్పుడు చేతికంటిన సుద్ద దులుపుకోను కూడా దులుపుకోడు. రోజూ గుమ్మంలో అలాగే చేయి చాపి కూర్చుంటాడు. రోజూ వాడు పేపరంతా మొదటి నుంచి చివరి దాకా చేసి, ఆయన కళ్లలోకి చూసి టాటా చెబుతాడు. ఒక్క మార్కు కూడా పోగొట్టుకోడు.