ఇచ్చిన చెయ్యి

పొద్దున ఏడింటికి వనిత తన బండ్ల రిపేరు షాపు షట్టర్ ఎత్తేసరికి చాయ్ బండి గౌరయ్య గ్లాసుల ట్రే పట్టుకుని నిలబడి ఉండేవాడు. "బిడ్డా, జర చెయ్యి పెట్టు. బస్‌స్టాండ్ దాక పోయేసరికి సల్లగైతున్నయ్," అనేవాడు. వనిత ట్రే కింద అరచేతులు ఆనించేది. చాయ్ మళ్లీ పొగలు కక్కేది. గౌరయ్య తన దారిన తను పోయేవాడు. సూర్యాపేట మెకానిక్కుల గల్లీలో ఇదేమీ వింత కాదు. ఒకరికి పాట వస్తుంది, ఒకరికి ఈత వస్తుంది, వనిత చేతుల్లో వేడి ఉంటుంది. చలికి మొరాయించిన బ్యాటరీలను కాసేపు ఒళ్లో పెట్టుకుని లేపేది.

అయితే ఆ వేడిలో మొదటి వాటా ఎప్పుడూ తల్లిదే. సుక్కమ్మ మార్కెట్ యార్డులో బస్తాల మూతులు కుట్టే మనిషి. తెల్లారేసరికి ఆమె వేళ్లు కొక్కేల్లా వంగి బిగుసుకునేవి. వనిత వాటిని తన చేతుల్లోకి తీసుకుంటే ఒక్కొక్కటే విచ్చుకునేవి. పదేళ్లుగా ఆ ఇంట్లో పొద్దు పొడిచేది అట్లాగే.

కార్తీకం వెళ్లినప్పటి నుంచి ఏదో తేడా వచ్చింది. వనిత ఎంతసేపు పట్టుకున్నా తల్లి వేళ్లు సగమే విచ్చుకుంటున్నాయి. గౌరయ్య ట్రే తేవడం మానేశాడు. "పానం బాగలేదా బిడ్డా?" అని ఒకసారి అడిగి ఊరుకున్నాడు. యార్డు మేస్త్రీ జైరాం మాత్రం ఊరుకోలేదు. "సుక్కమ్మా, సోమవారం దాక సూస్త. అప్పటికీ దబ్బనం పట్టరాకపోతే ఇంకొకలను పెట్టుకుంట. నా మీద కోపం జేస్కోకు," అన్నాడు.

ఆ మాట విని ఉపేందర్ పరుగున వచ్చాడు. ఐటీఐలో వనిత బెంచీ పక్క బెంచీ అతనిది. చదువు అయిపోగానే ఇద్దరూ కలిసి షాపు పెట్టారు, బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాయించారు. సుక్కమ్మ చేతి ముద్దలు తిన్నవాడు. నొప్పుల మందు ట్యూబు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, "అమ్మా, పొద్దుమాపు రాయి, తగ్గుతది," అన్నాడు. ఆ మూత తిప్పే బలం కూడా సుక్కమ్మ వేళ్లలో లేదు. అయినా, "వాడు తెచ్చిండు, గంతే సాలు," అని మురిసి గూట్లో దాచుకుంది.

దసరాకు ఉపేందర్ కోదాడలో రెండో షాపు తెరిచాడు. వారానికి రెండుసార్లు వచ్చి సంచెడు హ్యాండిల్ గ్రిప్పులు వనిత ముందు పోసేవాడు. "రబ్బరు సలికి గట్టిపడ్డది వనితా. హ్యాండిల్‌కు ఎక్కుత లేదు. జర చెయ్యియ్యి," అనేవాడు. వనిత ఒక్కో జతలో ఎడమది ఎడమ పిడికిట్లో, కుడిది కుడి పిడికిట్లో పట్టుకుని మెత్తబరిచి ఇచ్చేది. కాలేజీలో లెక్చరర్లను కూడా ఎందుకని నిలదీసిన పిల్ల, ఉపేందర్‌ను ఎందుకని అడగలేదు.

డిసెంబరులో, జైరాం పెట్టిన గడువుకు ముందు రోజు ఆదివారం, కోదాడ నుంచి ఒకామె మోటార్ సైకిల్ మీద వచ్చింది. పేరు జ్యోత్స్న, సూర్యాపేట దగ్గర బళ్లో టీచరు.

"హీటింగ్ గ్రిప్పులండీ. చలికి నా వేళ్లు తెల్లబడి మొద్దుబారిపోతాయి, బ్రేకు కూడా అందదు. అందుకే మా కోదాడలో కొత్తగా పెట్టిన షాపులో వేయించుకున్నా. మొన్న మంగళవారం మధ్యాహ్నం దాకా బ్రహ్మాండంగా పనిచేశాయి. తర్వాత ఎడమది చల్లబడిపోయింది."

"వేసినోళ్లకే సూపియ్యకపోయిన్రా మేడం?"

"చూపించా. 'సూర్యాపేటలో మాత్రం విప్పించకండి, గ్యారంటీ పోద్ది' అన్నాడు. అట్టా అన్నాడంటే ఇక్కడేదో ఉందని తిన్నగా ఇక్కడికే వచ్చా."

వనిత నవ్వి స్క్రూడ్రైవర్ తీసింది. ఎడమ అరచేతికి కట్టు ఉంది. హారన్ బిగిస్తుంటే రేకు కోసుకుంది. అందుకని కుడిచేత్తోనే పని.

ఈ గ్రిప్పులకు వచ్చే జబ్బులు ఆమెకు తెలిసినవే. ఎక్కువగా పోయేది కుడిదే, అది ఆక్సిలరేటర్ వైపు. తిప్పినప్పుడల్లా లోపలి తీగ మెలిపడి మెలిపడి తెగుతుంది. ఎడమది తిరగదు కదా, దానికేమొచ్చింది? స్విచ్ వేస్తే పచ్చ లైటు వెలిగింది. ఫ్యూజు మంచిగానే ఉంది. మీటరు పెడితే ముల్లు కదలలేదు. ట్యాంకు విప్పి తీగ వెంట వేలు పోనిచ్చింది. చాసిస్ పక్కన నల్ల టేపు చుట్టి ఉంది. టేపు విప్పింది. తీగ అక్కడితో ఖతం. దేనికీ కలపలేదు. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు ఆ పచ్చ లైటుకొక్కదానికే.

"మేడం, బండి ఆపి ఎంతసేపైంది?"

"అరగంట పైనే."

కుడి గ్రిప్పు మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.

అప్పుడే సుక్కమ్మ బువ్వ తెచ్చింది. వేళ్లు పట్టవు కాబట్టి డబ్బా సంచి మణికట్టుకు తగిలించుకుంది. స్టూలు మీద కూర్చోబోతూ ఆసరాకు బండి కుడి గ్రిప్పు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీయలేదు. వంగిన వేళ్లు ఆ రబ్బరు చుట్టూ మెల్లగా సాగాయి, ఒక్కొక్కటే.

"ఇది నీ చెయ్యే గదనే," అంది సుక్కమ్మ.

వనిత తన ఎడమచేతి కట్టు వైపు చూసుకుంది. రేకు కోసుకున్నది మంగళవారం, మధ్యాహ్నం.

ఆమె ఏడవలేదు. అల్మారా తెరిచి అడుగు అరలోంచి, కరెంటుతో వేడెక్కే కాయిల్ పట్టీల పెట్టె తీసింది. ఇద్దరం కలిసి హీటింగ్ గ్రిప్పులు చేద్దామని పోయినేడు ఆమె తెప్పించినవి. 'మన దిక్కు గివి ఎవరు కొంటరు?' అని పక్కన పెట్టించింది ఉపేందరే. ఎడమవైపు ఇనప హ్యాండిల్ వేడిని తాగేస్తుంది కాబట్టి ముందు దానికో పొర చుట్టి, ఆ పైన పట్టీ వేసింది. కుడివైపు తిప్పినా తెగకుండా తీగను కాస్త వదులుగా మలిపింది. బండి తాళం తిప్పితేనే కరెంటు అందేలా రిలే పెట్టి, పాత గ్రిప్పులు సంచిలో వేసుకుంది. రెండు గ్రిప్పులూ వేడెక్కాయి, ఈసారి కరెంటుతో.

"మేడం, కోదాడ పోతరు గద. నేను గూడ వస్త."

కోదాడ షాపు బోర్డు మీద ఒక్క పేరే ఉంది. ఉపేందర్ తన బండి మీద కూర్చుని, రెండు గ్రిప్పులూ పట్టుకుని చేతులు వెచ్చచేసుకుంటున్నాడు. వనిత సంచిలోని జత తీసి అతని ట్యాంకు మీద పెట్టింది.

"రబ్బరు మెత్తబడాలె అన్నవ్."

"మెత్తబడ్డది గద," అన్నాడు, నవ్వబోయి.

"నేను రబ్బరు గురించి అడుగుత లేను."

ఉపేందర్ చూపు దించుకున్నాడు. "గౌరయ్య చాయ్‌కు, పాత బ్యాటరీలకు నీ వేడి ఊకెనే పోతుండె వనితా. నలుగురికి పనికొచ్చేటట్టు జేసిన. దొంగతనం జేసిన్నా? అడిగిన, ఇచ్చినవ్."

"చెయ్యియ్యి అన్నవ్, ఇచ్చిన. నువ్వేమో నాకు చెయ్యిచ్చినవ్. ఊకె పోయేది నాది. ఊకె పోగొట్టుకునే హక్కు గూడ నాదే. నీకెవడిచ్చిండు?"

"జర మెల్లగ. గిరాకీలు ఇంటరు."

"ఇననీ! మా అమ్మ వేళ్లు సూసినవ్. ఎందుకు వంగుతున్నయో ఈ దునియాల నీకొక్కనికే ఎరుక. తెలిసి తెలిసి మందు కొనుక్కొచ్చినవ్. మెడికల్ షాపుల ఏమని అడిగినవ్ ఉపేందర్? ఏ రోగానికని చెప్పినవ్?"

ఉపేందర్ తలెత్తి షాపు బోర్డు వైపు చూశాడు. "బోర్డు మీద నీ పేరు గూడ రాపిస్త," అని గొణిగాడు.

"అక్కెర లేదు. నీ దగ్గర కొన్నోళ్లందరినీ సూర్యాపేట పంపు. తీగ కలిపిన గ్రిప్పులు ఏసిస్త."

అని రెండు పిడికిళ్లూ బిగించింది, కట్టుతో సహా. చప్పుడేమీ కాలేదు. హైవే మీద పోతున్న పాలవాడు ఒకడు బండి పక్కకు ఆపి, చల్లబడిన గ్రిప్పులు వదిలి అరచేతులు రుద్దుకున్నాడు. ఉపేందర్ ఉలిక్కిపడి తన గ్రిప్పు మీంచి చెయ్యి తీశాడు. చెయ్యి వచ్చింది. వేళ్లు మాత్రం వంగే ఉన్నాయి, లేని హ్యాండిల్‌ను ఇంకా పట్టుకున్నట్టు. చాపబోయాడు. సాగలేదు.

"వనితా," అన్నాడు, "జర..."

ఆ తర్వాతి మాట ఏమిటో ఇద్దరికీ తెలుసు. అతను దాన్ని నోట్లోనే మింగేశాడు. ఆమె సూర్యాపేట బస్సెక్కింది.

సోమవారం తెల్లవారుతుండగా వనిత తల్లి చేతులు పట్టుకుంది. బొటనవేలు, చూపుడువేలు, చివరికి చిటికెనవేలు కూడా విచ్చుకుంది. రాత్రే వనిత నోట అంతా విన్న సుక్కమ్మ, లేచి గూట్లోంచి మందు ట్యూబు తీసింది. మూత తిప్పితే ఒక్కసారికే వచ్చింది. వాసన చూసి, ఒక్క చుక్క కూడా రాసుకోకుండా మళ్లీ బిగించింది.

"మందు మంచిదే ఉన్నట్టుంది," అంది. "పొద్దటి బస్సుకు కోదాడ పంపియ్యి బిడ్డా. సలి ఇంక నెల దాక ఉంటది."

దబ్బనం కొంగున గుచ్చుకుని యార్డుకు బయలుదేరింది.