ఐదు నీళ్ళు

ల్యాబక్క తొమ్మిదింటికల్లా వచ్చి తాళం తీస్తుంది, కిటికీలు తెరుస్తుంది, నిన్న పిల్లలు కడగకుండా వదిలేసిన బ్యూరెట్లు కడుగుతుంది. ఆ కాలేజీ పిల్లలకి గాజుగొట్టం కడగడం నామోషీ. తర్వాత త్రాసు మీద దుమ్ము తుడిచి, సీసాల మూతలు బిగించి, అరల్లో సర్దుతుంది. పదకొండేళ్ళుగా ఇదే పని, పదకొండేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగమే. ఈ నెలాఖరుకి పర్మనెంటు చేస్తామని మొన్ననే కాగితం వచ్చింది.

ఆమె అరచేతిలో ఏది పెట్టినా అందులో ఎన్ని మోల్స్ ఉన్నాయో ఆమెకి తెలిసిపోతుంది. డజను అంటే పన్నెండైనట్టు, మోల్ అంటే ఆరు పక్కన ఇరవైమూడు సున్నాలు పెడితే వచ్చేన్ని అణువులు. అంత పెద్ద లెక్క ఆమెకి గుప్పిట మూసి తెరిచేలోగా వచ్చేస్తుంది. ఇంట్లో అత్తగారు పొయ్యి దగ్గరికి పిలిచి, "ఏమే కోడలా, ఈ ఉప్పు సరిపోతుందా?" అని ఆమె చేతిలో ఒంపుతుంది. "పదోవంతు మోల్ ఉందత్తయ్యా, సగం చాలు," అంటుంది కోడలు. క్యాంటీన్లో టీ బాబాయి కొత్త పంచదార బస్తా విప్పితే మొదటి గుప్పెడు ఆమె చేతిలోనే పోస్తాడు, కల్తీ ఉంటే చెప్పేస్తుందని. దీన్ని ఎవరూ వింతగా చూడరు. ఒకరికి ఈల వెయ్యడం వస్తుంది, ఈమెకి ఇది వస్తుంది.

వింతగా చూడాల్సింది గైడు సారుని. ఆయన రసాయనశాస్త్ర శాఖకి పెద్ద. ఎందుకంటే యాజమాన్యం వారి అల్లుడు. ఆయన కంటే బాగా చదువుకున్న లెక్చరర్లు అక్కడ ముగ్గురున్నారు, ముగ్గురూ ఆయన సంచీ అందుకోవడానికి పోటీపడతారు. ఆయన రాసిన గైడు తప్ప పిల్లల చేతిలో ఇంకో పుస్తకం కనబడకూడదు. మూలకం ఏదో, సమ్మేళనం ఏదో ఆ గైడు తిరగేస్తే గానీ ఆయనకే గుర్తుకు రాదు. రోజుకి ఆరు టీలు, టీకి మూడు చెంచాల పంచదార. ఈ మధ్య ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదని ఫ్యాను కింద కూర్చుని ఎండని తిడుతున్నారు.

ఆ గైడు నలభైమూడో పేజీలో ఒక తప్పుంది. నీలంగా మెరిసే మైలుతుత్తంలో ఒక రాగి, ఒక గంధకం, నాలుగు ఆక్సిజన్లు ఉంటాయి. అన్నీ కూడితే మోల్‌కి నూటఅరవై గ్రాములు. సారు అక్కడితో ఆగిపోయారు. కానీ ఆ స్ఫటికంలో ప్రతి రాగికీ తోడుగా ఐదు నీటి అణువులుంటాయి, అవి పోతే ఆ నీలం కూడా పోతుంది. వాటి బరువు ఇంకో తొంభై కలిపితే మోల్‌కి రెండొందల యాభై. లీటరులో పదోవంతు మోల్ ఉండాలంటే ఇరవైఐదు గ్రాములు తూచాలి. సారు ఏటా పరీక్షల ముందు పదహారని చీటీ రాసి పంపేవారు. ల్యాబక్క ఏటా కిక్కురుమనకుండా ఇరవైఐదు తూచేది. పదకొండేళ్ళూ పరీక్షలు చక్కగా జరిగాయి. అది తన గైడు గొప్పతనమే అనుకున్నారు సారు.

ఈ ఏడు ఆమె త్రాసు దగ్గర పట్టుబడింది.

"చీటీలో ఎంతుంది, నువ్వెంత తూస్తున్నావు?" అన్నారు సారు, పిల్లలందరి ముందూ.

"ఐదు నీళ్ళు వదిలేశారు సార్. చేతిలో పెట్టుకుంటే తెలుస్తోంది."

"పదో తరగతి తప్పినదానివి, నువ్వా నాకు చెప్పేది? చీటీలో ఎంతుంటే అంతే తూచు. సీసా మీద సంతకం నీదే ఉండాలి."

లెక్చరర్లు ముగ్గురూ కిసుక్కున నవ్వారు. ఆ ఐదు నీళ్ళ సంగతి ముగ్గురికీ తెలుసు. తెలిసీ నవ్వినవాళ్ళని తల్చుకుంటే సారు మీద కంటే ఎక్కువ రోత పుడుతుంది.

ల్యాబక్క పదహారే తూచి కలిపింది. సీసా మీద సంతకం పెట్టింది.

పరీక్షలో ముప్పైఏడుగురు పిల్లలకి జవాబు మూడోవంతుకి పైగా తక్కువ వచ్చింది. ముగ్గురికి మాత్రం గైడులో ఉన్నదే అచ్చంగా వచ్చింది. ఆ ముగ్గురూ బ్యూరెట్ ముట్టుకోలేదు. సారు వాళ్ళ భుజం తట్టారు. తర్వాత కాలిక్యులేటర్ తీసి, తక్కువొచ్చిన జవాబుని తన నూటఅరవైతోనే గుణించి, సీసాలో పడింది పది గ్రాములేనని తేల్చారు.

"పదహారు వెయ్యమంటే పదే వేసింది. ఆరు గ్రాములు ఇంటికి పట్టుకుపోయింది," అన్నారు.

ఆరు గ్రాముల మైలుతుత్తంతో ఇంట్లో ఏం చేసుకుంటారని ఎవరూ అడగలేదు.

ప్రిన్సిపాల్ మేడంకి ఎవరెలాంటివారో బాగా తెలుసు. అయినా అల్లుడుగారితో పేచీ ఎందుకని మధ్యాహ్నానికే ల్యాబక్కని తీసేసే ఉత్తరం టైపు చేయించి బల్ల మీద పెట్టుకుంది. అందులో దొంగతనం అన్న మాట ఉంది. రేపు పదకొండింటికి దాని మీద సంతకం పడితే ల్యాబక్కని ఇంకే ల్యాబు గడపా తొక్కనివ్వరు.

"నేనేమీ తియ్యలేదు మేడం. నీళ్ళతో కలిపి లెక్క కట్టించండి, సరిపోతుంది," అంది ల్యాబక్క. సారు కూడా ఆ గదిలోనే కుర్చీలో ఉన్నారు.

"చేతిలో పెడితే చెప్పేస్తుందిగా! ఏదీ, ఇది చెప్పమనండి," అని సారు నవ్వుతూ తన చెయ్యి చాచారు.

ల్యాబక్క ఆ చెయ్యి పట్టుకుంది.

"ఒళ్ళు మొత్తం మీద నీళ్ళు రెండువేల మూడొందల మోల్స్. కార్బన్ వెయ్యి పైచిలుకు. కాల్షియం పాతిక. ఉంగరంలో బంగారం కంటే రాగే ఎక్కువ సార్."

ఆ ఉంగరం మామగారు పెట్టింది. మేడం దగ్గు తెచ్చుకుంది.

ల్యాబక్క ఇంకేదో చెప్పబోయి ఆగింది. ఈ మనిషి తప్పుల్ని చెప్పకుండా సరిదిద్దడం ఆమెకి పదకొండేళ్ళ అలవాటు. దీన్ని చెప్పకుండా సరిదిద్దడం కుదరదు. ఊరుకుంటే సరిపోతుందని ఒక్క క్షణం అనిపించింది కూడా, అనిపించినందుకు సిగ్గుపడింది.

"రక్తంలో పంచదార లీటరుకి పదహారు మిల్లీమోల్స్ ఉంది సార్. ఉండాల్సింది ఐదారే. డాక్టరుకి చూపించుకోండి."

"బెదిరిస్తున్నావా?" అని సారు చెయ్యి లాక్కున్నారు. మేడం బల్ల మీదున్న గ్లాసుడు నీళ్ళూ గటగటా తాగి, అక్కణ్ణుంచి తిన్నగా రక్తపరీక్షకి పోయారు.

అక్కడిచ్చిన కాగితంలో పదహారు లేదు. నూరు మిల్లీలీటర్లకి రెండొందల ఎనభైఎనిమిది మిల్లీగ్రాములని ఉంది. "పదహారంది, ఇందులో పదహారే లేదు!" అని ఆయన ప్రాణం లేచొచ్చింది. కారులో కూర్చున్నాక ఎందుకో అనుమానం వచ్చి, ఆ కాగితం వెనకే లెక్క మొదలెట్టారు. గ్లూకోజులో ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు. మోల్‌కి నూటఎనభై గ్రాములు. భాగించారు. పదహారు. రెండోసారీ పదహారే. ఒక్క పరమాణువునీ వదలకుండా ఆయన కట్టిన మొదటి లెక్క అది. ప్రాణం తనదైతే లెక్క ఎంత బాగా వస్తుందో!

రక్తం సంగతి ఆ చెయ్యి నిజమే చెప్పినప్పుడు, మైలుతుత్తం సంగతి అబద్ధం చెప్పిందని తనకి తానే నచ్చజెప్పుకోలేకపోయారు. మర్నాడు పదకొండు కాకముందే వచ్చి, మేడం బల్ల మీది ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. గైడు తెరిచి నలభైమూడో పేజీలో ఎర్రసిరాతో ఐదు నీళ్ళూ చేర్చారు. క్షమించమని ఎవర్నీ అడగలేదు.

"అచ్చుతప్పు," అన్నారు.

"అచ్చుతప్పే సార్," అన్నారు లెక్చరర్లు ముగ్గురూ ఒక్క గొంతుతో.

ముప్పైఏడుగురి మార్కులూ దిద్దారు. నెలాఖరుకి ల్యాబక్కకి పర్మనెంటు ఉత్తర్వు చేతికొచ్చింది.

ఇప్పుడు రోజూ గంట కొట్టకముందే గైడు సారు ల్యాబుకొచ్చి, సింకు పక్కన నిలబడి చెయ్యి చాపుతారు. ఆమె బ్యూరెట్లన్నీ కడిగేదాకా ఆ చెయ్యి అలాగే ఉంటుంది.

"ఎంతమ్మా?" అన్నారు ఒకరోజు.

"తొమ్మిది. నిన్న టీలో మళ్ళీ మూడు చెంచాలు వేయించుకున్నారు."

"ఒక్కటే వేశాడమ్మా బాబాయి."

ల్యాబక్క సీసాలకి అంటించే చీటీ ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది.

"తొమ్మిదని రాయండి సార్. కింద సంతకం మీదే ఉండాలి."